చివర్లో వదిలిన చేప

ఎమల్డా కోరుపీట మీద కూర్చుని కొబ్బరి కోరడం మొదలెట్టిందంటే మా వీధికి తెల్లారినట్టే లెక్క. సముద్రం ఒడ్డున ఈ నెగొంబోలో మా ఇళ్ళ మధ్య గోడలు పేరుకే గోడలు. ఒకరింట్లో ఎండుమిరపకాయలు వేయిస్తే పక్కింట్లో తుమ్ములు. ఇక మాటల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ ఇంటి కథ నాకు ఇంత వివరంగా తెలిసిందంటే అందుకే. వినపడనిదేమైనా ఉంటే ఇనోకా తర్వాత నా దగ్గర చెప్పుకుని ఏడ్చింది.

ఆ రోజు ఎమల్డా సగం చిప్ప కోరిందో లేదో, ముందు గదిలోంచి ఇనోకా "అయ్యో!" అని అరిచింది.

ముందు గదిలో గోడ పొడవునా పెద్ద చేపల తొట్టి. డెన్సిల్ పనిచేసేదే సముద్రపు రంగు చేపల్ని విదేశాలకు పంపే యార్డులో. పగలంతా వేల చేపల్ని సాకే మనిషికి ఇంటికొచ్చాక కూడా చేపలేమిటని మేమంతా నవ్వేవాళ్ళం. అతను పట్టించుకునేవాడు కాదు. వారం వారం తీరానికి పోయి డబ్బాలతో ఉప్పునీళ్ళు మోసుకొచ్చేవాడు. ఆ తొట్టిలో అయిదేళ్ళుగా ఒకటే చేప రాజ్యం. అరచేయంత నీలి చేప. నల్లటి మొహం, వీపు మీద పసుపు రెక్క, తోక మొదట్లో చాకులాంటి ముల్లు. డెన్సిల్ పెళ్ళాం మర్లిన్ జబ్బుపడిన ఏడు తెచ్చాడు దాన్ని. అప్పట్లో ఆమె మంచం తొట్టికి ఎదురుగానే ఉండేది. ఏడాది పాటు ఆ పిల్ల చూసిన లోకమంతా ఆ చేపే. ఆమె పోయి నాలుగేళ్ళయింది.

ఇప్పుడు ఇసుక మీద చిన్న పసుపు చేప ఒకటి పక్కకు ఒరిగి పడి ఉంది. ఒంటి నిండా గాట్లు. డెన్సిల్ మొన్న ఆదివారమే తెచ్చి వదిలాడు దాన్ని. అంతకు ముందు తెచ్చిన దానికీ ఇదే గతి పట్టింది.

ఎమల్డా కొబ్బరి చేతులతోనే వచ్చి తొంగిచూసింది. "పోయిందా?"

"ఒళ్ళంతా చీరేసింది ఆంటీ. పాపం."

"చీరెయ్యదా మరి? అయిదేళ్ళుగా అది ఉంటున్న ఇల్లు. నిన్న గాక మొన్న వచ్చి నడిమధ్య కూర్చుంటానంటే ముద్దు పెట్టుకుంటుందా?"

ఆ మాట చేప గురించి కాదని తొట్టిలో చేపకి కూడా తెలుసు. ఇనోకా తల దించుకుని చిన్న వలతో చచ్చిన చేపని తీసింది.

ఇనోకా డెన్సిల్ రెండో పెళ్ళాం. పెళ్ళయి మూడు నెలలు. ఎమల్డా ఏమో అతని మొదటి పెళ్ళాం తల్లి. చూశారా చిక్కు? సొంత అత్త అయితే కోడలి మీద పెత్తనం చేసిందని అనుకోవచ్చు. ఈవిడ ఏ హక్కుతో చేస్తుంది? కానీ నన్నడిగితే, ఏ హక్కూ లేకపోవడమే ఆవిడ బాధ. ఒక్కగానొక్క కూతురికి జబ్బు చేసిందని కొచ్చికడెలో ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేసి వచ్చేసింది. కూతుర్ని సాగనంపింది. అప్పటికి అయిదేళ్ళ పసిపిల్ల అయిన మనవరాలు తరుషికి తల్లయింది. అల్లుడి చొక్కాలుతికింది. అతను మళ్ళీ పెళ్ళి చేసుకుంటానంటే "చేసుకో బాబూ, నువ్వు మాత్రం ఎన్నాళ్ళని ఒంటరిగా ఉంటావు" అన్నదీ ఆవిడే. అన్న నోటితోనే, పెళ్ళికూతురు గడపలో నిలబడి "అమ్మా" అని కాళ్ళకు దండం పెట్టబోతే, "మీ అమ్మ మారవిలలో ఉంది. నన్ను ఆంటీ అంటే చాలు" అంది.

ఆ తర్వాత మూడు నెలలు మేం గోడ ఇవతల నుంచి రోజూ విన్నాం. ఇనోకా వండిన పప్పు పిల్లికి పోయింది. ఇనోకా కుట్టుమిషను వసారాలోకి పోయి వానలో తడిసింది. "ఇది కూరా? ఎవరింట్లో నేర్చుకున్నావే ఈ వంట? ఉప్పు వెయ్యమంటే సముద్రాన్ని తెచ్చి పోశావు" అని ఎమల్డా గొంతెత్తితే, మా ఇంట్లో మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయేవాడు. ఇనోకా ఎదురు చెప్పేది కాదు. ఆవిడకి అది ఇంకా మంట.

చచ్చిన చేపని పెరట్లో పాతిపెట్టిన ఆ పొద్దునే అసలు గొడవ జరిగింది. తరుషి బడికి పోతోంది. ఇనోకా రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి, వీపు తట్టింది. పిల్ల వెనక్కి తిరిగి, ఏదో ధ్యాసలో, "వస్తానమ్మా" అంది.

వంటింట్లో కోరుపీట చప్పుడు ఆగింది. ఎమల్డా వచ్చి పిల్ల చెంప మీద కొట్టింది. ఆ పిల్లని ఆవిడ కొట్టగా మేమెప్పుడూ చూడలేదు. ఆవిడా ఎప్పుడూ చూసుకోలేదేమో, తన చేతిని తనే చూసుకుంటూ నిలబడింది.

"అత్తయ్యా!" అని డెన్సిల్ అరిచాడు.

"మీ అమ్మ ఫొటోలో ఉందే!" అని ఎమల్డా పిల్లతో అంది. గడప ఎదురుగా మేకుకి మర్లిన్ ఫొటో ఉంది, కింద చిన్న ఎర్ర దీపం. "అదుగో! కళ్ళు కనపడట్లేదా?"

పిల్ల ఏడుస్తూ పోయి ఇనోకా కొంగు పట్టుకుంది. అదీ ఎమల్డా చూసింది.

ఆ సాయంత్రం డెన్సిల్ తొట్టి మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి నీలి చేపని పట్టాడు. పెరట్లో ఉప్పునీళ్ళు నింపిన డ్రమ్ములో వేశాడు. ఆ తర్వాత తొట్టిలో రాళ్ళన్నీ కదిపాడు. అది దూరి పడుకునే బొరియ ఉన్న పెద్దరాయిని ఆ చివర నుంచి ఈ చివరకు జరిపి బోర్లించాడు.

"ఏం చేస్తున్నారు?" అని ఇనోకా అడిగింది.

"యార్డులో ఇలాగే చేస్తాం. పాతది పోట్లాడుతుంటే దాన్ని మూడు వారాలు బయట పెట్టాలి. రాళ్ళ చోటు మార్చెయ్యాలి. కొత్తవాటిని ముందు వదిలి స్థిరపడనివ్వాలి. అన్నీ సర్దుకున్నాక పాతదాన్ని చివర్లో వదలాలి. అప్పుడు దానికి ఏదీ తనదిలా అనిపించదు. తనే కొత్తగా వచ్చాననుకుంటుంది. ఇక తోక ఆడించదు."

"పాపం కదండీ."

"పాపమేముంది? చావడం కంటే నయం కాదూ?"

అని చెయ్యి తుడుచుకుంటూ డెన్సిల్ వంటింటి వైపు చూశాడట. ఎమల్డా అక్కడ ఒంటరిగా కూర్చుని పిల్లకి మర్నాటికి కొబ్బరి రొట్టె పిండి కలుపుతోంది. అలా చాలాసేపు చూశాడట. ఏం చెప్పాలి ఈ మగాళ్ళకి! మంచివాడే. ఆవిడంటే ప్రాణం పెట్టేవాడే. కానీ బుద్ధి ఎక్కడ నేర్చుకున్నాడు? తొట్టెల దగ్గర.

వారంలో కబురు పుట్టించాడు. చిలావ్‌లో ఎమల్డా చెల్లెలికి మోకాళ్ళ నొప్పులనీ, ఒక నెల తోడుంటే బాగుంటుందనీ. ఆవిడ నమ్మింది. చిన్న సంచీ సర్దుకుంటూ ఇనోకాకి వంద అప్పగింతలు పెట్టింది. పిల్లకి రొయ్య పడదు. దీపంలో నూనె అయిపోకూడదు. డ్రమ్ములో చేపకి రోజూ వేడినీళ్ళలో ముంచిన ఆకుకూర ఆకు వెయ్యాలి, తనైతే చేత్తో పట్టుకుంటే వచ్చి తింటుంది, నీ చేతిలోది తింటుందో లేదో.

ఆవిడ బస్సెక్కిన మర్నాడే డెన్సిల్ ఇంట్లో రాళ్ళు జరిపాడు. వంటింట్లో అల్మారా ఈ గోడ నుంచి ఆ గోడకి. పొయ్యి పక్కన మేకుకి వేలాడే ఉప్పు డబ్బా అల్మారాలోకి. కోరుపీట అటక మీదకి. బదులుగా చేత్తో తిప్పే కొబ్బరి మర ఒకటి బల్లకి బిగించాడు. మనవరాలి గదిలో ఎమల్డా మంచం వసారా పక్క చిన్న గదిలోకి. గడప ఎదుటి ఫొటో, దీపంతో సహా, తరుషి గదిలోకి. ఇనోకా వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ నెల రోజులూ ఇనోకా కూనిరాగాలు తీస్తూ వంట చేసింది. నేనూ విన్నాను. "నా సంతోషం చూసి నాకే సిగ్గేసేది అక్కా, అయినా సంతోషంగానే ఉండేది" అని తర్వాత నాతో అంది.

నెల తర్వాత ఎమల్డా చిలావ్ ఎండుచేపల పొట్లం పట్టుకుని దిగింది. గడప దాటి, అలవాటుగా తలెత్తి ఎదుటి గోడ చూసింది. బోసి గోడ. మేకు కూడా లేదు.

"తరుషి గదిలో పెట్టాం అత్తయ్యా. పిల్ల దగ్గరుంటే బాగుంటుందని," అన్నాడు డెన్సిల్.

"బాగుంటుంది బాబూ."

వంటింటి గుమ్మంలోకి వెళ్ళి ఆగిపోయింది. లోపలికి అడుగు పెట్టలేదు. కాసేపటికి, "ఇనోకా, కాసిని మంచినీళ్ళు ఇస్తావా?" అని అడిగింది.

ఇన్నేళ్ళూ తన చేత్తో నింపిన కుండలోంచి, ఆవిడ నీళ్ళడిగింది.

మందు పనిచేసింది. ఎంత బాగా పనిచేసిందంటే మా వీధి వీధంతా ఆశ్చర్యపోయింది. అరుపుల్లేవు, పిల్లికి పప్పు లేదు. ఎమల్డా పొద్దున్నే లేచి తన గదిలో మంచం మీద కూర్చునేది, ఇనోకా పిలిచేదాకా. టీ పెట్టుకోవచ్చా అని అడిగేది. కప్పు కడిగి తన గదిలోకే తీసుకుపోయేది. ఏం వడ్డించినా "బాగుందమ్మా" అనేది. సంచీ మంచం కింద మూతి కట్టి అలాగే ఉంది. బట్టలు అందులోంచే తీసి అందులోనే పెట్టుకునేది. తెల్లవారుజామున కొబ్బరి చప్పుడు లేక మాకు మెలకువ రావడం మానేసింది.

"చూశావా, ఇల్లెంత ప్రశాంతంగా ఉందో!" అని డెన్సిల్ మురిసిపోయాడు. నీలి చేపని కూడా ఆ వారమే తొట్టిలోకి వదిలాడు. లోపల రెండు కొత్త చేపలు అప్పటికే హాయిగా తిరుగుతున్నాయి. నీలి చేప ఎవరి జోలికీ పోలేదు. పంపు గొట్టం వెనక దాక్కుంది. అప్పుడప్పుడు బయటికొచ్చి, పాత రాయి ఉండిన చోట ఖాళీ నీళ్ళలో ఒక చుట్టు తిరిగి, మళ్ళీ గొట్టం వెనక్కి పోయేది. ఎమల్డా ఆకు పట్టుకుని నిలబడితే రాలేదు. ఆవిడ రెండో రోజు నుంచి పిలవడం మానేసింది.

ఒక మధ్యాహ్నం ఇనోకా పెరట్లోంచి వస్తూ చూసింది. ఎమల్డా వంటింట్లో పొయ్యి పక్కన నిలబడి ఉంది. అన్నంలోకి చిటికెడు ఉప్పు కావాలేమో, చెయ్యి దానంతటదే గోడ మీదికి పోయింది. డబ్బా లేదు. చెయ్యి మాత్రం కిందికి రాలేదు. మేకు పీకేసిన కన్నాన్ని వేలితో తడుముతూ అలా నిలబడిపోయింది. ఇనోకాని చూడగానే దొంగతనం చేస్తూ దొరికినట్టు చెయ్యి తీసేసి, "ఏం లేదమ్మా, ఊరికే" అంది.

ఆ పూట నుంచి ఇనోకాకి ముద్ద దిగలేదు.

మర్లిన్ వర్ధంతికి వారం ముందు, సాయంత్రం నలుగురూ టీ తాగుతున్నారు. తరుషి తొట్టిలోకి చూస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"నాన్నా, చేపని డ్రమ్ములో పెట్టినట్టే అమ్మమ్మని చిలావ్‌లో పెట్టావు కదూ?"

డెన్సిల్ చేతిలో కప్పు ఒలికింది. "ఏయ్, ఏం మాటలవి?"

"నువ్వే పిన్నితో అన్నావుగా, అమ్మమ్మకీ చేప వైద్యం పనిచేసిందని."

చెంపదెబ్బ నాటి నుంచి పిల్ల ఇనోకాని "పిన్నీ" అనే పిలుస్తోంది. ఎమల్డా అల్లుడి మొహంలోకి చూసింది. తర్వాత గోడ వైపు, అల్మారా వైపు, తొట్టి వైపు, ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. కేకలేస్తుందని గోడ ఇవతల మేం కూడా ఊపిరి బిగబట్టాం. ఆవిడ కేకలెయ్యలేదు.

"మా చెల్లిని నీ మోకాళ్ళకి ఏమైందని అడిగితే, నా మోకాళ్ళకేం, బాగానే ఉన్నాయంది," అని మెల్లగా అంది. "దాచిపెడుతోంది కాబోలు అనుకున్నాను."

"అత్తయ్యా, నేను... అందరూ బాగుండాలనే..."

"చేపకి మాట రాదు బాబూ. అందుకని డ్రమ్ములో వేస్తావు. నాకు మాట వచ్చు కదా నాయనా. 'ఇలా చెయ్యకు అత్తయ్యా' అంటే వినేదాన్ని కదా."

డెన్సిల్ తల చేతుల్లో పెట్టుకున్నాడు.

"నేను చేసింది మంచి పనని అనను. పిల్లని కొట్టిన చెయ్యి ఇది. కానీ నేనెవర్ని ఈ ఇంట్లో? కూతురుంటే అత్తని. అది పోయింది. నీ పెళ్ళాం పిల్లకి జడ వేస్తోంది, నీకు అన్నం పెడుతోంది. ఇక నాతో పనేముంది? పొమ్మంటారేమోనని రోజూ భయమే. అరిస్తే ఇంకా ఇక్కడే ఉన్నానని నాకు తెలిసేది." కప్పు కింద పెట్టి లేచింది. "కడిగేస్తాను. ఎక్కడ పెట్టాలో చెప్పు ఇనోకా."

మర్నాడు సంచీ పట్టుకుని గడపలోకి వచ్చింది. తరుషి కాళ్ళకు చుట్టుకుని వదల్లేదు. "వర్ధంతి పూజ దాకా ఉంటాను. ఆ తర్వాత చిలావ్ పోతాను" అంది. సంచీ గడప పక్కనే పెట్టింది.

ఆ వారంలో డెన్సిల్ అన్నీ తిరిగి ఎక్కడివక్కడ పెట్టాడు. మేకు కొట్టి ఫొటో తగిలించాడు. కోరుపీట దించాడు. చొక్కా విప్పి, భుజం దాకా తొట్టిలో చెయ్యి దించి, పెద్దరాయిని పాత చోటికి జరిపాడు. బొరియ మళ్ళీ అటే తిరిగింది. నీలి చేప వచ్చి ఆ రాయి చుట్టూ రెండు సార్లు తిరిగింది, లోపలికి మాత్రం పోలేదు. కొత్త చేపే వచ్చి దూరింది. డెన్సిల్ కర్ర పెట్టి దాన్ని తోలబోయాడు.

"ఎందుకు బాబూ దాన్ని తోలడం? అదెక్కడికి పోతుంది?" అంది ఎమల్డా. అనేసి తన గదిలోకి వెళ్ళిపోయింది. అతను నీళ్ళు కారుతున్న చేత్తోనే కూర్చుని ఏడ్చాడు.

ఆదివారం పొద్దున్న చర్చిలో మర్లిన్ పేర పూజ అయింది. మేమంతా వెళ్ళాం. ఇంటికొచ్చాక ఇనోకా వంటింటి తలుపు వేసుకుని తనే వండింది. మర్లిన్‌కి ఇష్టమైన గుమ్మడికాయ కూర, కొబ్బరిపాలు పోసి. అందులో పిడికెడు ఉప్పు వేసింది. ఒక్క క్షణం ఆగి, ఇంకో పిడికెడు వేసింది.

ఎమల్డా పళ్ళెం ముందు కూర్చుంది. సంచీ గడప పక్కనే ఉంది, మధ్యాహ్నం బస్సు. ఇనోకా కూర వడ్డించి ఎదురుగా నిలబడింది. ఎమల్డా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మొహం ఒక్కసారి ముడుచుకుంది. నమిలింది. మింగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాగుందమ్మా" అంది. ఇంకో ముద్ద కలిపింది.

ఇనోకా పళ్ళెం లాగేసింది. "బాగోలేదు! రెండు పిడికిళ్ళు వేశాను ఉప్పు. కుక్క కూడా తినదు దీన్ని. తిట్టండి!"

"ఇనోకా..."

"తిట్టండి ఆంటీ. సముద్రాన్ని తెచ్చి పోశావనండి. ఎవరింట్లో నేర్చుకున్నావే అనండి. మీరు లేని నెల్లాళ్ళూ నేను పాటలు పాడుకున్నాను. మీ మంచం జరుపుతుంటే ఒక కోడు నేనే పట్టుకున్నాను. నన్ను తిట్టకుండా వెళ్ళిపోతే నేనెలా బతకను?" అని కింద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఎమల్డా చాలాసేపు ఆ అమ్మాయినే చూసింది. చెయ్యి సాచి పళ్ళెం తన వైపు లాక్కుని, కూరని వేలితో అటూ ఇటూ కదిపింది.

"ఎవరింట్లో..." పళ్ళెం పక్కకు తోసి మళ్ళీ మొదలెట్టింది. "ఎవరింట్లో నేర్చుకున్నావే ఈ వంట? గుమ్మడికాయకి ఇంత ఉప్పా? మనుషులు తినేదేనా ఇది?"

"మా ఇంట్లోనే" అంది ఇనోకా ఏడుస్తూనే.

"సరిపోయింది. లే. ఏడ్చింది చాలు. పారబొయ్యకు, ఇంకో కొబ్బరికాయ కొట్టు. ఉప్పు లేకుండా ఇంకో ముక్క గుమ్మడికాయ ఉడికించి, చిక్కటి పాలు పోస్తే సర్దుకుంటుంది."

ఎమల్డా కొంగుతో మొహం తుడుచుకుని వంటింట్లోకి నడిచింది. గుమ్మంలో ఆగలేదు. కోరుపీట వాల్చుకుని కూర్చుంది. నెలన్నర తర్వాత ఆ చప్పుడు వింటే మా ఇంట్లో నాకు చేతిలో పని సాగలేదు. చిప్ప అంచుదాకా కోరేసి, తల ఎత్తకుండానే చెయ్యి వెనక్కి చాపింది.

"మర్లిన్, ఆ గిన్నె ఇలా అందుకోవే."

అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకి తెలియలేదు. చాపిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గుమ్మంలో డెన్సిల్ నిలబడి ఉన్నాడు, పక్కన తరుషి.

ఇనోకా గిన్నె తీసుకుని వచ్చి ఆ చేతిలో పెట్టింది.

"ఇదిగో అమ్మా" అంది.

ఈసారి ఆవిడ వద్దనలేదు.